గురువారం మీద గుట్ట

తప్పెవరిదో తేలిపోయింది, ఇంగ టీ తాగుదాం అన్నట్టుగా శశికుమార్ గోడ మీది గీతను పెన్నుతో టకటకా తట్టినాడు. ప్రొజెక్టర్ వెలుతుర్లో ఆ నీలం గీత నేలకి ఆనుకొని సాగి సాగి, గురువారం మధ్యాహ్నం కాడికి వచ్చేసరికి ఉన్నట్టుండి గుట్ట మాదిరి లేచి, సందకాడికి మళ్ళా దిగిపోయింది. కోల్డ్ రూములో రెండు మూడు డిగ్రీలు ఉండాల్సిన తావున పద్నాలుగు. గులాబీ మొగ్గకి పద్నాలుగంటే మాటలా! శనివారం సింగపూరు పోయిన పెట్టెలు ఆడ విప్పి చూస్తే అన్నీ తలలు వాల్చిన పూలే. సోమవారం పొద్దున్నే ఫోటోలు వచ్చినాయి, మంగళవారానికి ఈ మీటింగు.

“చూశారుగా? గురువారం. విజయదశమి. మిగతా వాళ్ళంతా సెలవులో ఉన్నారు. ఆ రోజు కోల్డ్ రూము డ్యూటీ ఎవరిది?”

అందరికీ తెలిసిన దాన్నే అడగడం శశికుమార్‌కి అలవాటు. కోస్తా నుంచి ఈ పూలతోటకు మేనేజరుగా వచ్చి రెండేళ్ళయినా ఆయన నోటికి ఈ పక్క మాట ఇంకా అంటుకోలేదు. అందరి కండ్లూ వాకిలి పక్కకి తిరిగినాయి.

ఆడ పుట్టమ్మ నిలబడి ఉంది. చలిగదిలోనుంచి ఉన్నపళాన పిలిపించినారు కాబట్టి చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, తలకి ఉన్ని టోపీ అట్లే ఉన్నాయి. హోసూరు కాడ బేరిగై పక్క ఈ తోటలో చలిగది కట్టినప్పటినుంచి దాని తలుపు ఆమెదే. లోపలికి పోయినవాళ్ళు బయటికి వచ్చినారా లేదా చూసుకొని, తలుపును భుజంతో నెట్టి, పిడిని కిందికి లాగి, అరచేత్తో రెండు దెబ్బలు చరిచిగానీ పక్కకి పోదు. ఆ దెబ్బలు ప్యాకింగ్ షెడ్డు దాకా వినిపిస్తాయి. పుట్టమ్మ తలుపు వేసిందంటే ఇంగ యముడొచ్చినా తీయలేడని ఆడోళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆమె ఎవర్నీ చూడలేదు. గోడ మీది గుట్టనే చూసింది. చూసి చూసి, ల్యాప్‌టాప్ ముందర కూర్చున్న నాగజ్యోతి పక్కకి తిరిగింది.

“జ్యోతమ్మా, ఆ ఎత్తుగా ఉండేది నేను చేసిందేనా?”

ఆ గీత గీసింది నాగజ్యోతే. తోటలో లెక్కలన్నీ, నీళ్ళ లెక్క, మొగ్గల లెక్క, చలి లెక్క, కంప్యూటర్లో ఎక్కించి గీతలు తీసే పని తనది. పుట్టమ్మ ఏడిచినా, తగువు పడినా ఎట్లో ఓర్చుకునేది. ఈ అడగడమేమి, పరీక్ష మార్కులు అడిగినట్టు!

“గ్రాఫ్ అట్ల చూపిస్తా ఉంది అక్కా” అనింది, కీబోర్డును చూస్తా.

పుట్టమ్మ కుడిచేతిని ఎత్తి, అరచేతిని తిప్పి చూసుకుంది.

“మిషనుకు నా మీద పగేముంటుంది సార్” అనింది. “తలుపు సరిగ్గా పడలేదేమో. పండగ నాడు ఒక్కదాన్నే ఉంటిని. ఇంటికి పోయి దీపం పెట్టాలనే తొందరలో ఉంటిని. పడలేదేమో.”

శశికుమార్ వాదనకు సిద్ధమై వచ్చినవాడు. ఎదుటి మనిషి తలొగ్గేసరికి ఆయనకే ఏం చేయాలో తోచలేదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండండి, హెడ్డాఫీసు వాళ్ళు తేల్చాక కబురు చేస్తాం అన్నాడు. ఆ మాటకి అర్థమేమో ఆడుండే అందరికీ తెలుసు. ఇంటికాడ ఉండమన్నవాళ్ళని ఈ కంపెనీ ఇంతవరకూ మళ్ళా పిలిచింది లేదు.

పుట్టమ్మ టోపీ తీసింది. స్వెట్టరు తీసి, చేతులు లోపలికి మడిచి, కుర్చీ మీద పెట్టింది. అది కంపెనీ స్వెట్టరు. “పోయొస్తాను సార్” అని అందరికీ చెప్పి పోయింది.

*

ఆ గీత పుట్టిన తీరు చెప్పాల్సిందే.

సోమవారం ఫోటోలు వచ్చినాక శశికుమార్ మనిషి మనిషిగా లేడు. చలిగది గోడకి లాగర్ అని ఒక చిన్న డబ్బా ఉంటుంది. గంటకొకసారి లోపలి చలి ఎంతో కొలిచి, దాచిపెట్టుకోవడమే దాని పని. ఆ డబ్బాలోని లెక్కంతా దింపి, మధ్యాహ్నానికల్లా గ్రాఫ్ చేతిలో పెట్టమన్నాడు. నాగజ్యోతి దింపింది. దింపి, స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్లో తెరిచింది. తెరిస్తే తేదీల వరస ఒకటే అగచాటు. నడుమలో ఎవరో ఆ ఫైలును ఎక్సెల్లో తెరిచి మళ్ళా దాచినట్టుంది, సగం చోట్ల రోజు ముందు, నెల వెనక. సగం చోట్ల నెల ముందు, రోజు వెనక. అక్టోబరు రెండు పోయి ఫిబ్రవరి పదిలో కూర్చుంది. సాఫ్ట్‌వేర్ కొన్నిటిని చదివింది, కొన్నిటిని చదవలేక ఖాళీ అని చేతులెత్తేసింది.

“అయిందా?” అని శశికుమార్ గాజు తలుపులోనుంచి తల పెట్టినాడు. కాసేపటికి మళ్ళా “అయిందా?”

ఏం చేస్తుంది! తేదీల వరసను అట్లే ఎత్తి పారేసింది. చలి అంకెల్ని మాత్రం ఉంచుకుంది. ఇవి గంటకొకటి చొప్పున వరసగా ఉన్నాయి కదా, మొదటిది ఫలానా సోమవారం పొద్దున అని చెప్తే చాలు, తతిమ్మా వాటికి సాఫ్ట్‌వేరే గంటలు లెక్కపెట్టుకుంటూ పోతుంది. అట్లే చెప్పింది. అదీ అట్లే పోయింది. గీత వచ్చింది. పగలు రవంత పైకి, రాత్రి రవంత కిందికి, అల మాదిరి సక్కగా వచ్చింది. పగలు పగలు మాదిరే ఉంది, రాత్రి రాత్రి మాదిరే ఉంది. ఇంగ అనుమానమెందుకు వస్తుంది? నడుమలో గురువారం మీద గుట్ట. రంగు నీలం పెట్టి, గుట్ట మీద ఎర్ర బొట్టు ఒకటి పెట్టి, శశికుమార్‌కి పంపేసింది. “గుడ్, గుడ్” అన్నాడాయన. నాగజ్యోతి నిమ్మళంగా క్యారియర్ విప్పి అన్నం తినింది.

ఆ నిమ్మళం మంగళవారం మీటింగుతోనే పోయింది.

బుధవారం, గురువారం ఆమె ప్యాకింగ్ షెడ్డులోకి పోతే మాటలు ఆగిపోయినాయి. మొగ్గలు విచ్చకుండా నెట్టు తొడుగుతున్న ఆడోళ్ళు తలెత్తకుండా తొడుగుతా ఉన్నారు. వాళ్ళు తిట్టి ఉంటే బాగుండేది. చలిగది తలుపు ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు వేస్తున్నారు, వేసినట్టే తెలీడంలేదు. ఆ రెండు దెబ్బలు వినబడక షెడ్డంతా బోసిగా ఉంది.

కాడలు కత్తిరించే గంగక్క ఒక్కతే ఆమెను పలకరించింది. “నువ్వేం చేస్తావమ్మా. కంప్యూటర్ చూపించింది, నువ్వు చెప్పినావు” అనింది.

ఓదార్పుకే అనింది పాపం. ఆ ఓదార్పు నాగజ్యోతికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. కంప్యూటర్‌కి ఏం చెప్పాలో చెప్పింది తనే కదా అని ఒక్క నిమిషం తోచింది. తోచి, పోయింది. గీత సక్కగానే ఉండె కదా అని తనకు తానే సర్ది చెప్పుకుంది.

*

శుక్రవారం పొద్దున హెడ్డాఫీసు నుంచి కబురు. గుట్ట తర్వాత చలి మళ్ళా ఎట్లుందో చూపించండి, ఈ రోజు వరకూ గీత పొడిగించి పంపండి అని. శశికుమార్ ఆ మాట చెప్పి, కాఫీ కప్పు పట్టుకొని పోయినాడు.

నాగజ్యోతి లాగర్ లెక్కను కొత్తగా దింపి, పాత పద్ధతిలోనే ఎక్కించి, గీత తీసింది. గీత వచ్చింది. ఎర్ర బొట్టు దాని చోట అదుంది. కుడి చివరకి చూసింది. గీత గురువారం పొద్దున ఆగిపోయి ఉంది.

ఈ పొద్దు శుక్రవారం. ఇప్పుడే దింపిన లెక్క నిన్నటి దగ్గర ఆగడమేమి?

దింపడంలో తప్పు జరిగిందేమో అని మళ్ళా దింపింది. మళ్ళా నిన్నటి దగ్గరే. వరసలు లెక్కపెట్టింది. మొదటి సోమవారం నుంచి ఈ పొద్దు వరకూ ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కేసి, కాగితం మీద లెక్కేసి, కాలిక్యులేటర్లో లెక్కేసింది. వరసలు తక్కువ. తక్కువంటే ఒకటి రెండు కాదు, సుమారుగా ఒక రోజు మొత్తం లేదు.

ఒక రోజు యాడ పోయింది? ఏ రోజు పోయింది? అది గుట్టకు ముందు పోయిందా, వెనక పోయిందా?

ముందు పోయి ఉంటే... అనుకునేసరికి ఆమె లేచి నిలబడింది. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే చలిగది పక్కకి పోయింది.

లాగర్ డబ్బా చలిగది బయటి గోడకి, కంటి ఎత్తులో ఉంది. రోజూ చూసే డబ్బానే. దాన్ని రోజూ చూస్తుంది కాబట్టే ఇన్నాళ్ళూ సరిగ్గా చూడలేదు. దాని నుదుటన గంధం, గంధం నడుమ కుంకుమ. స్విచ్చు కాడ వైరుకు ఎండిపోయిన చామంతి పువ్వొకటి ఇరుక్కొని ఉంది.

తోట కరెంటు పనులన్నీ చూసే కేశవప్ప ఆ పక్కనే నిచ్చెన కింద కూర్చొని మోటారు విప్పుతా ఉన్నాడు.

“కేశవప్పన్నా, ఈ డబ్బాకు పూజ ఎవరు చేసినారు?”

“నేనే చేసినానమ్మా. పండగ ముందురోజు, బుధవారం, ఆయుధపూజ కదా.” ఆయన మొహం వెలిగిపోయింది, ఇన్నాళ్ళకి ఒకరైనా మెచ్చుకుంటున్నారని. “మోటార్లకి, స్ప్రేయర్లకి, వ్యానుకు, కత్తెర్లకి, అన్నిటికీ చేసినాను. నీ కంప్యూటర్‌కి నువ్వే పెట్టుకుంటివి కదా బొట్టు?”

“పూజ చేసేటప్పుడు దీన్ని ఆపినావా అన్నా?”

“ఆపకుండా పూజ చేస్తే ఏం పూజమ్మా అది!” కేశవప్ప పానా కింద పెట్టినాడు. “ఆ పొద్దు ఆయుధాలన్నిటికీ రెస్టు ఇయ్యాల. మా నాయన కాలం నుంచి అంతే. అయితే ఈ కోల్డ్ రూము పెద్ద మిషనును ఆపితే లోపల పూలు చచ్చిపోతాయి. ఆపలేము. మనసుకు కష్టంగా ఉండె. పెద్దదాన్ని ఆపలేకపోయినా దాని పేరున ఈ చిన్నదాన్నయినా ఆపుదామని ఆపినాను. గురువారం పొద్దున మళ్ళా టెంకాయ కొట్టి ఆన్ చేసినాను. తప్పా?”

నాగజ్యోతికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలీదు. ఆ బుధవారం తనేం చేసింది? కంప్యూటర్ తుడిచి, గంధం పెట్టి, కుంకుమ పెట్టి, మూసి, ఈ పొద్దు దీన్ని ముట్టుకోకూడదని దండం పెట్టుకొని పొంగలి తిని ఇంటికి పోయింది. హోసూరు, క్రిష్ణగిరి పక్క ఫ్యాక్టరీలన్నీ ఆ పొద్దు మిషన్లు ఆపుకొని కూర్చుంటాయని పుట్టినప్పటినుంచి చూస్తున్న మనిషి. గీత గీసేటప్పుడు మాత్రం, ఆ బుధవారం కూడా డబ్బా గంట గంటకూ లెక్క రాసుకుందని నమ్మింది.

“తప్పు నీది కాదన్నా” అని వెనక్కి పరుగెత్తింది.

ఈసారి తేదీలను పారేయలేదు. శశికుమార్ వచ్చి అడిగితే “కాలేదు సార్” అని మొహం తిప్పకుండానే చెప్పింది. రోజు ముందుండే వరసలను ఒక పక్కకి, నెల ముందుండేవాటిని ఒక పక్కకి తీసి, వేటికవి చదివించి, మళ్ళా ఒక్కటి చేసింది. ఏ అంకె పక్కన ఏ తేదీ, ఏ గంట ఉందో దాన్నే ఆ అంకెకు ఇండెక్సుగా కట్టింది. ఇంగ సాఫ్ట్‌వేర్ సొంతంగా లెక్కపెట్టుకునే పని లేదు, ప్రతి అంకె తన రోజుకే పోయి కూర్చోవాల. లెక్క లేని గంటలను లేనట్టే, ఖాళీగా వదిలిపెట్టమనింది. గీయమనింది.

గీత బుధవారం పొద్దున తెగిపోయింది. ఆడ ఒక బెత్తెడు తెల్లగా ఖాళీ. గురువారం పొద్దున మళ్ళా మొదలై, గురువారమంతా, మధ్యాహ్నం, సందకాడ, రాత్రి, నేలకి ఆనుకొని పాకింది. గుట్ట శుక్రవారం మధ్యాహ్నానికి జరిగిపోయింది.

సరిగ్గా ఒక రోజు జరిగింది కాబట్టి పగటి మీదికి పగలు, రాత్రి మీదికి రాత్రి వచ్చి పడినాయి. అర రోజు జరిగి ఉంటే పగలు చల్లగా, రాత్రి వెచ్చగా అవుపించి, ఆమెకే అనుమానం వచ్చి ఉండేది. దేవుడు కూడా మోసం చేసేటప్పుడు నికార్సుగా చేస్తాడు! నాగజ్యోతి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ శుక్రవారం పుట్టమ్మ తోటలోనే లేదు. పండగ నాడు ఒక్కతే పని చేసినందుకు ఆ పొద్దు ఆమెకు సెలవిచ్చినారు.

మళ్ళా నిచ్చెన కాడికి పోయింది. “కేశవప్పన్నా, పండగయినాక శుక్రవారం మధ్యాహ్నం చలిగదికి ఏమైంది?”

“సర్వీసోళ్ళు వచ్చినారు కదమ్మా. పెద్ద మిషను ఆపి, విప్పి, తుడిచి పోయినారు. పూలు పక్కనుండే చిన్న చలిగదిలోకి జరపాలా అని నేను సార్‌కి ఫోను చేస్తిని. పండక్కి వాళ్ళ ఊర్లో ఉన్నాడాయన. అరగంట పనే కదా, జరపొద్దు, కానివ్వమన్నాడు. అరగంట యాడిది? సందకాడయింది.”

“ఈ మాట ఎవరికీ చెప్పలేదేమన్నా!”

“గురువారం ఏమైంది, గురువారం ఏమైంది అని అందరూ అదే అడగబడితిరి” అన్నాడు కేశవప్ప, ఆశ్చర్యంగా. “శుక్రవారం గురించి నన్నెవరు అడిగినారమ్మా?”

*

శశికుమార్ రెండు గీతలనూ పక్కపక్కన పెట్టుకొని చూసినాడు. ముందు ఆయనకి కోపం వచ్చింది.

“హెడ్డాఫీసుకి పంపేశాం కదా నాగజ్యోతీ! ఇప్పుడు గీత మార్చామంటే మనల్ని ఏమనుకుంటారు? మనం ఏది గీస్తే అదే నిజమా?”

“తప్పు నాదే సార్. తేదీలు కుదరడంలేదని పారేసి, నేనే వరసగా లెక్కబెట్టించినాను. నా పేరు రాసి పంపండి. పని తీసేస్తారంటే తీసేయనీండి.” ఆమె కొత్త గీత మీద వేలు పెట్టింది. “గురువారం గీత చూడండి సార్. ఒక్క డిగ్రీ లేవలేదు. ఆ పొద్దు తలుపు పడింది.”

ఆయన గురువారం చూడలేదు. శుక్రవారాన్నే చూస్తా కూర్చున్నాడు. కాఫీ చల్లారింది. ఆయన మొహంలో కోపం మెల్లగా దిగిపోయి, ఇంకొకటేదో వచ్చింది.

“కేశవప్ప ఫోన్ చేశాడు” అన్నాడు కడాకు. “అరగంటే కదా అన్నాను. పిల్లల్తో బజార్లో ఉన్నాను. నిజంగా నాకు గుర్తులేదు నాగజ్యోతీ. దాచలేదు. గురువారం అని ఒకసారి గోడ మీద చూశాక శుక్రవారం అనేదే నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.”

ఆ మాట ఆమె నమ్మింది. నమ్మకుండా ఉండటానికి ఆమెకేం హక్కుంది? తనూ అంతే కదా.

“మెయిల్ నేను రాస్తాను. ఇద్దరి పేర్లూ రాస్తాను” అన్నాడు శశికుమార్. కుర్చీ ముందుకు లాక్కొని, అప్పుడే రాయడం మొదలుపెట్టినాడు. రాస్తా రాస్తా ఆగి, “ఆవిడకి ఫోన్ చెయ్యండి. సోమవారం నుంచి రమ్మనండి. నేను కూడా మాట్లాడతాను” అన్నాడు.

పుట్టమ్మ ఫోను కలవలేదు. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. రాయకోటలో చెల్లెలు నాగరత్నం ఇంటికి పోయిందని, ఆడ టమాటా మండీలో పనికి కుదిరిందని గంగక్క చెప్పింది. నాగరత్నం నంబరు ఉందంటే నాగజ్యోతి వద్దనింది. మొహం మీద చెప్పిన మాటను మొహం మీదే వెనక్కి తీసుకోవాల.

*

శనివారం పొద్దున హోసూరు బస్టాండులో రాయకోట బస్సెక్కింది. దోవ పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటా పోయింది. ఇండెక్సు అంటే ఆమెకేం తెలుస్తుంది? అసలు ముందు మన్నించమని అడగాలా, పని మళ్ళా ఇచ్చినారని చెప్పాలా? కోట కొండ అవుపించేసరికి కూర్చుకున్నదంతా మరిచిపోయింది.

మండీ నిండా ప్లాస్టిక్ క్రేట్లు, ఎర్రగా, పచ్చిగా, దోరగా. తమిళం, కన్నడం, తెలుగు కలిపి అరుస్తున్నారు. ఆ గోలలో ఒక మూల పది మంది ఆడోళ్ళు కూర్చొని కాయలు ఏరుతా ఉన్నారు. పుట్టమ్మ వాళ్ళలో ఉంది. నాగజ్యోతి దగ్గరికి పోకుండా రవంతసేపు నిలబడి చూసింది.

క్రేటు నిండినాక పుట్టమ్మ దాని మీద కాగితం పరిచి, పురికొసతో కట్టింది. ముడి వేసి పక్కకి జరిపింది. ఇంకో క్రేటు అందుకోబోయి, ఆగి, వెనక్కి పోయి ఆ ముడిని లాగి చూసింది. వచ్చి కూర్చుంది. నాలుగు కాయలు ఏరిందో లేదో మళ్ళా లేచి పోయి ముడి చూసింది. పక్కన కూర్చున్న నాగరత్నం విసుక్కుంది.

“ఎన్నిసార్లు చూస్తావక్కా! ముడి పడిందిలే, కూర్చో.”

“పడిందా? నువ్వు చూసినావా?” అనింది పుట్టమ్మ.

పుట్టమ్మ పని పోయిందనే నాగజ్యోతి ఇన్నాళ్ళూ బాధపడింది. పోయింది పని ఒక్కటే కాదని ఆమెకప్పుడు తెలిసింది. ఒకే ఒక్క గీత, సక్కని నీలం గీత, ఈ మనిషి చేతుల్లోనుంచి ఏం లాక్కునిందో కంటి ముందర అవుపిస్తా ఉంది.

“అక్కా!”

పుట్టమ్మ తలెత్తి, గాబరాగా లేచింది. “జ్యోతమ్మా! ఏమమ్మా ఇంత దూరం? ఇంగా ఏమైనా తేలిందా నా మీద?”

“తేలింది. నీ మీద ఏమీ లేదని తేలింది. గ్రాఫ్ తప్పక్కా. నేను తప్పు గీసినాను.”

పుట్టమ్మ చేతిలో టమాటా అట్లే పట్టుకొని చూసింది. అర్థం కాలేదు. నాగజ్యోతి ఆ కాయల నడుమనే గొంతుక్కూర్చుంది.

“రేషన్ అంగడి కాడ క్యూ ఉంటుంది కదా అక్కా. నడుమలో కొందరు ఇంటికి పోయినారనుకో. వెనకాలుండేవాళ్ళంతా ముందుకు జరుగుతారు కదా. ఆయుధపూజ నాడు కేశవప్పన్న డబ్బాను ఆపి పెట్టినాడు. ఆ రోజు లెక్క లేదు. నేను అది చూసుకోకుండా వరసగా గీసేస్తిని. శుక్రవారం జరిగింది ముందుకు జరిగి గురువారం మీద కూర్చుండె. శుక్రవారం మధ్యాహ్నం సర్వీసోళ్ళు వచ్చి మిషను ఆపినారక్కా. అందుకే పూలు పోయినాయి. ఆ పొద్దు నువ్వు లేనేలేవు.”

“శుక్రవారం నేను లేను” అనింది పుట్టమ్మ మెల్లగా. “చెల్లెలింటికి ఈడికే వచ్చింటిని.”

“సార్‌కి చెప్పినాను. ఆయనే పై వాళ్ళకి రాసినాడు. సోమవారం నుంచి పనికి రమ్మన్నాడు. నీతో మాట్లాడతానన్నాడు.”

పని మాట పుట్టమ్మ చెవిన పడినట్టే లేదు. ఆమె మొహం ముందుకు వచ్చింది.

“అట్లయితే గురువారం?”

“గురువారం ఏమీ లేదక్కా. పొద్దున నుంచి రాత్రి దాకా గీత నేలకి అంటుకొని ఉంది.”

“అంటే నేను తలుపు వేసినానా?”

“వేసినావక్కా.”

“సరిగ్గా?”

“సరిగ్గా.”

పుట్టమ్మ ఆమె ఎదురుగానే కింద కూర్చుండిపోయింది.

“మరి నాకు గుర్తొచ్చిందే!” అనింది. “నువ్వు చూపించినాక ఇంటికి పోయి పండుకుంటే గుర్తొచ్చిందమ్మా. పిడి లాగినాను, అది సగంలో ఆగింది, చూస్తా చూస్తానే వదిలేసి పోయినాను అని. కండ్లకు కట్టినట్టు. మా నాగరత్నానికి కూడా చెప్తిని. రోజూ అదే, పిడి సగంలో, పిడి సగంలో. జరగనే లేదా అది?”

“జరగలేదక్కా.”

“నా చేతులు నాకు చెప్పినాయి, వేసినామని. నేను వినలేదు. నువ్వు చదువుకున్నదానివి, నీ మాట విన్నాను.”

నాగజ్యోతి ఇంగ ఆపుకోలేకపోయింది. ఆమె ఏడుస్తుంటే పుట్టమ్మ టమాటా రసం అంటిన చేత్తోనే ఆమె తల నిమిరి, “ఊరుకో, ఊరుకో, వచ్చి చెప్పినావు కదా, ఎవరొస్తారు ఇంత దూరం” అని, అంతలోనే తనూ ఏడిచి, ఏడుస్తానే నవ్వి, లేచి నిలబడింది. నాలుగు రోజులుగా గుండె మీద ఎత్తిపెట్టిన బండ దిగిపోయినట్టు ఊపిరి పీల్చుకుంది. నాగరత్నం పక్కనే ఉందన్న మాట మరిచి, మండీ అంతా వినబడేటట్టు అరిచింది.

“నాగరత్నా! ఒసే నాగరత్నా! నేను తలుపు వేసినానంటనే!”

తూకం కాడి వ్యాపారి ఉలిక్కిపడి తలెత్తినాడు. కాయలేరే ఆడోళ్ళు చేతులు ఆపినారు. లారీ మీది మనిషి క్రేటు నెత్తిన పెట్టుకొనే తిరిగి చూసినాడు.

“ఏ తలుపమ్మా?” అన్నాడు వ్యాపారి.

“నాదేనప్పా” అనింది పుట్టమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటా. “నేను వేసిందే.”